చెరపమన్న గొంతు

కొండమ్మ సింగపూర్ వచ్చింది మా పక్కింటి లక్ష్మీదేవి గారిని చూసుకోవడానికి. పక్షవాతంతో పెద్దావిడకు కుడిపక్క పడిపోయింది. కొడుకు సుధాకరరావు, కోడలు కల్పన ఇద్దరూ ఉద్యోగస్తులు. తెలుగు మాట్లాడే మనిషి దగ్గరుంటేనే అత్తగారు నాలుగు ముద్దలు తింటుందని కల్పన పట్టుబట్టి, ఏజెంటు చుట్టూ తిరిగి, శ్రీకాకుళం వైపు నుంచి కొండమ్మను రప్పించింది. క్లెమెంటిలో మా రెండు ఫ్లాట్లకూ మధ్య ఒకటే గోడ. నేను ఆమెను చూడకముందే ఆమె గొంతు విన్నాను. పొద్దున్నే పెద్దావిడకు ఒళ్లు తుడుస్తూ, చెయ్యి ఎత్తమని బతిమాలుతూ, ఎత్తితే మెచ్చుకుంటూ ఏదో ఒకటి చెబుతూ ఉండేది. పెద్ద గొంతేమీ కాదు. అయినా మన పని మానేసి వినాలనిపించేది.

బయట మాత్రం పొదుపుగా మాట్లాడేది. లిఫ్టులో కనబడితే "బాగున్నారా అరుణమ్మా" అనేది, అంతే. ఒక్కతే కూతురనీ, కీర్తి అని పేరనీ, తొమ్మిదేళ్ల వయసులో వంశధార కాలువలో పడి చనిపోయిందనీ కల్పన నాకు చెప్పింది. భర్త తవిటయ్య ఊళ్లోనే పొలం కౌలుకు చేస్తున్నాడు. కూతురు పోయిన రెండేళ్లకు ఈమె ఇక్కడికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందని మేమెవరం అడగలేదు. ఇంటిపనికి వచ్చే ఆడవాళ్లందరూ ఎందుకు వస్తారో అందుకే అనుకున్నాం.

ఆ రోజుల్లో పృథ్వీ మా ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. తెనాలి కుర్రాడు. దగ్గరలోని యూనివర్సిటీలో కంప్యూటర్ ఆటలు తయారుచేయడం మీద ఏదో పరిశోధన. నెమ్మదస్తుడు, తిన్న కంచం తానే కడుక్కునేవాడు. నేను చెల్లెలి కూతురి పెళ్లికి విజయవాడ వెళ్లిన సమయంలో అతనికి డెంగీ వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపాక మంచం దిగలేని స్థితిలో ఉంటే, పక్కింటి నుంచి కొండమ్మ వచ్చి చూసుకుంది. కల్పన అనుమతితో రోజుకు రెండు పూటలా జావ కాచి తెచ్చేది, పక్క దుప్పట్లు మార్చేది, మందు మింగేదాకా నిలబడేది. నేను తిరిగి వచ్చేసరికి అతను ఆమెను అక్కా అని పిలుస్తున్నాడు. ఆమె అతన్ని బాబూ అంటోంది.

జ్వరంలో ఏమీ తోచక అతను ఆమెను ఊరి సంగతులు అడిగేవాడట. సింగపూర్ వచ్చాక ఆమెను ఒక్క సంగతైనా అడిగిన మొదటి మనిషి అతనే. అలా ఒకరోజు అమ్మమ్మ మాట వచ్చింది. కొండమ్మ అమ్మమ్మ సోది చెప్పేది. పోయినవాళ్లతో మాట్లాడాలని జనం ఆమె దగ్గరికి వచ్చేవారు. చేటలో బియ్యం పోసి, దీపం వెలిగించి, ముందు దేవతలను తలుచుకుని, తరువాత పోయిన మనిషి పేరు పెట్టి పిలిచేది. పిలవగా పిలవగా ఆమె గొంతు మారిపోయేది. ముసలి మామ పలికేవాడు, పురిట్లో పోయిన కోడలు పలికేది. వచ్చినవాళ్లు ఏడ్చి, అడగాల్సింది అడిగి, ఇంటికి వెళ్లిపోయేవారు. చిన్నపిల్లగా కొండమ్మ పక్కన కూర్చుని దీపంలో నూనె పోసేది. ఆ పిలుపంతా ఆమెకు కంఠతా వచ్చు. తాను మాత్రం ఎప్పుడూ ఎవరినీ పిలవలేదు.

అది నిజమేనా అని పృథ్వీ అడిగితే, "నిజమో కాదో నానెరగను బాబూ. వచ్చినోల్ల ఏడుపు మాత్రం నిజమే" అందట.

అతను తయారుచేస్తున్న ఆట కూడా సరిగ్గా ఇలాంటిదే. ఆడే మనిషి ఖాళీగా ఉన్న ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటాడు. ఒక్కో గదిలో ఒక్కో ఆత్మ. వాటిని పిలవాలి, అవి చెప్పేది వినాలి, సరైన జవాబు ఇవ్వాలి. తప్పు జవాబులు పెరిగేకొద్దీ ఆడేవాడి మతి చెడుతుంది, ఏ గొంతు ఆత్మదో ఏది తనదో తెలియని స్థితి వస్తుంది. ఆటకు "పలుకు" అని పేరు పెట్టుకున్నాడు. అప్పటిదాకా ఒక నటి చేత మాటలు చదివించాడు కానీ, అవి చదివినట్టే ఉన్నాయని బెంగగా ఉండేవాడు. కొండమ్మ గొంతు ఇస్తే బాగుంటుందని నాతో అన్నాడు, కల్పనను అడిగాడు, చివరికి ఆమెనే అడిగాడు.

కొండమ్మ రెండు వారాలు ఆలోచించి ఒప్పుకుంది. వర్క్ పర్మిట్ మీద ఇంటిపని తప్ప మరో పని చేయకూడదు కాబట్టి డబ్బు వద్దంది. తమ ఊరి అమ్మవారి పేరు ఆటలో రాకూడదంది. అతను రాసిచ్చిన పేర్లనే పిలుస్తానంది. అన్నిటికీ అతను సరేనన్నాడు.

సెలవు ఉన్న ఆదివారాల్లో యూనివర్సిటీలో గోడలకు నల్ల స్పాంజి అంటించిన చిన్న గదికి వెళ్లేవారు. మొదటి రెండుసార్లు నేనూ తోడు వెళ్లాను. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు ముందు చేతులు కట్టుకుని, బడిపిల్లలా నిలబడేది. పృథ్వీ అద్దం అవతల నుంచి చెయ్యి ఊపగానే అమ్మమ్మ పిలుపు ఎత్తుకునేది. పట్టపగలు, ఏసీ గదిలో, నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. బయటికి వచ్చాక మాత్రం మామూలే. క్యాంటీన్‌లో టీ తాగుతూ, పెద్దావిడకు సాయంత్రం మందు వేళకు వెళ్లాలని తొందరపడేది. ఆ నెలల్లో ఆమె ముఖంలో ఒక కళ వచ్చింది. తనకొక విద్య ఉందని, దాన్ని ఒకరు కోరి అడిగారని ఆమెకు సంతోషం.

చివరి ఆదివారం నేను వెళ్లలేదు. ఆ రోజు ఒక చిన్నపిల్ల ఆత్మను పిలవాలి. పృథ్వీ రాసిన పేరు రాధ. ఒకసారి పిలిచింది, అంత బాగా రాలేదన్నాడు. కళ్లు మూసుకుని రెండోసారి ఎత్తుకుంది. ఆ పిలుపులో ఎప్పుడో రాధ పేరు పోయి కీర్తి పేరు వచ్చింది. ఆపలేకపోయానని తరువాత నాతో చెప్పింది. పిలిచింది, తన నోటితోనే జవాబు కూడా చెప్పింది. కళ్లు తెరిచి చూస్తే నేల మీద కూర్చుని ఉంది, అద్దం అవతల పృథ్వీ లేచి నిలబడి ఉన్నాడు.

నీళ్లు తాగాక ఆమె అడిగింది ఒక్కటే. అది చెరిపెయ్యమంది. అతను వెంటనే ఒప్పుకున్నాడు. ఆమెను కంప్యూటర్ దగ్గరికి తీసుకువెళ్లి, తెర మీద ఆకుపచ్చగా ఉన్న గీతను చూపించి, ఆమె చూస్తుండగానే మీట నొక్కాడు. గీత మాయమైంది. "పోయింది అక్కా, చూడు" అన్నాడు. ఆ రోజు బస్సులో ఇంటికి తీసుకొచ్చి దింపాడు కూడా.

తరువాత అతని చదువు అయిపోయింది. పాయా లేబర్ అనే పేటలో ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ అతన్నీ, అతని ఆటనూ తీసుకుంది. మా గది ఖాళీ చేసి వెళ్లేటప్పుడు కొండమ్మ నిమ్మకాయ ఊరగాయ సీసా ఇచ్చింది. అతను వంగి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. అక్క లేకపోతే నా ఆట లేదు ఆంటీ, అని నాతో అన్నాడు. కొన్నాళ్లు ఫోన్లు చేశాడు. క్రమంగా తగ్గిపోయాయి. అది మామూలే కదా అని ఆమె కూడా పట్టించుకోలేదు.

మరుసటి ఏడాది జూన్ సెలవుల్లో ఒక మధ్యాహ్నం. సుధాకరరావు కూతురు అమూల్యకు పదిహేనేళ్లు. స్నేహితురాలు అనన్యను పిలుచుకుని హాల్లో టీవీకి ఆట తగిలించి ఆడుతోంది. కొండమ్మ వంటింట్లో కాకరకాయలు తరుగుతోంది. హాల్లోంచి ముందు సోది పిలుపు వినిపించింది. తన గొంతే. ఆట బయటికి వచ్చిందన్నమాట అనుకుని, కొంచెం సిగ్గుపడి, కొంచెం నవ్వుకుని, చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

తెర మీద చీకటి గది. మూలలో జుట్టు తడిసి ముఖానికి అంటుకున్న ఒక పిల్ల. ఆ పిల్ల నోరు కదిలింది.

"అమ్మా, నీల్లు సల్లగున్నాయి. అయ్య గట్టు మీద తొంగున్నాడు. పిలిసినాను. లెగనేదు. మల్లీ పిలిసినాను."

కింద ఇంగ్లీషులో తర్జుమా పడుతోంది. అమ్మాయిలిద్దరూ దిండు అడ్డం పెట్టుకుని కెవ్వుమని, నవ్వుకున్నారు. అమూల్య ఏదో జవాబు నొక్కింది. అది తప్పు. తెర ఎర్రబడింది, ఆట మళ్లీ అక్కడినుంచే మొదలైంది. పిల్ల మళ్లీ అదే చెప్పింది. మళ్లీ తప్పు. మళ్లీ చెప్పింది.

"దిస్ పార్ట్ సో హార్డ్, లా" అంది అమూల్య గుమ్మంలో ఉన్న కొండమ్మతో. "ఆంటీ, యు ఆన్సర్. వాట్ డస్ షీ వాంట్?"

కొండమ్మ వెళ్లి టీవీ ప్లగ్ పీకేసింది. ఆ ఇంట్లో ఆమె అలాంటి పని ఎన్నడూ చేయలేదు. అమూల్యకు కోపం వచ్చింది, తరువాత ఆమె ముఖం చూసి భయం వేసింది, పక్కింటికి పరుగెత్తుకొచ్చి నన్ను పిలిచింది. నేను వెళ్లేసరికి కొండమ్మ వంటింటి నేల మీద గోడకు చేరగిలబడి ఉంది. చేతిలో సగం తరిగిన కాకరకాయ అలాగే ఉంది. "సెరిపీసినానన్నాడు అరుణమ్మా" అని ఒక్కటే మాట నాలుగైదుసార్లు అంది.

విషయం తెలిశాక అమూల్య ఏడ్చి, ఆటను తన మిషన్‌లోంచి తీసేసింది. కానీ అప్పటికే దాన్ని ఎంతోమంది ఆడుతున్నారు. ఆటలో అన్నిటికంటే భయపెట్టే చోటు అదేనని పొగుడుతూ, ఆడుతూ తీసిన వీడియోలు పెట్టారు. అమూల్య ఫోన్‌లో ఒకటి నాకు చూపించింది. ఎవరో కుర్రవాడు, ఏ దేశమో తెలియదు, కీర్తి మాటలు విని కుర్చీలోంచి ఎగిరిపడి, పగలబడి నవ్వుతున్నాడు. నేను ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

ఫిర్యాదు చేస్తానని సుధాకరరావు లేచాడు. కల్పన ఆపింది. పర్మిట్ మీద ఉన్న మనిషి బయట వెళ్లి ఆ పని ఎందుకు చేసిందని అడుగుతారు, ముందు పోయేది ఆమె ఉద్యోగమే. పృథ్వీ ఈ సంగతి ఎరుగునా అని కొండమ్మ నన్ను అడిగింది. ఎరగకుండా ఎలా ఉంటాడన్నాను.

నేను పృథ్వీకి ఫోన్ చేశాను. ఆ ఆదివారమే ఇద్దరం రైలెక్కి పాయా లేబర్ వెళ్లాం. మాల్ కింద ఫుడ్ కోర్టులో పృథ్వీ టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ ఆపి ఉంచి, మా కోసం నిలబడి ఉన్నాడు. గడ్డం పెంచాడు, మంచి చొక్కా వేసుకున్నాడు. అక్కకు అల్లం టీ, నాకు కాఫీ అడక్కుండానే తెచ్చాడు. ఆ టీ ఆమె ముట్టుకోలేదు.

"సెరిపీసినానన్నావు బాబూ. నా కల్ల ముందరే నొక్కినావు."

"అది ఒక కాపీ అక్కా. ఇంకోటి దానంతట అదే వెనక సేవ్ అవుతుంది." కప్పు మూత తిప్పాడు. "అదీ తీసేద్దామనే అనుకున్నా. తీసేముందు ఒకసారి విన్నా. తీయలేకపోయా."

"ఏల?"

"మొత్తం గేమ్‌లో నిజమైంది అదొక్కటే అక్కా. మిగతాదంతా యాక్టింగే."

"నిజమని ఎరిగే పెట్టినావా?"

అతను తల దించుకుని, కంపెనీవాళ్లు అది విన్నారని, అది లేకుండా ఆట వద్దన్నారని, తానొక్కడే నిర్ణయించే పని కాదని చెప్పాడు. ఆమెకు ఇబ్బంది రాకూడదనే ఆమె పేరు ఎక్కడా వేయలేదట. అది తన మంచితనంగానే చెప్పాడు, అతను నిజంగానే అలా అనుకున్నాడని నాకు తోచింది.

"నా పేరు కాదు. నా కూతురు గుంట పేరు ఉన్నాది" అంది కొండమ్మ.

"కీర్తి అంటే ఎవరో ఎవరికీ తెలీదు కదక్కా."

"నానెరుగుదును కదా."

తీయించేస్తానని మాట ఇచ్చాడు. ఆమె లేచి, కుర్చీ సరిగ్గా లోపలికి జరిపి, నడిచింది. రైల్లో క్లెమెంటి దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. దిగేముందు మాత్రం, "జెరంలో ఆడికి ఒల్లు తుడిసినాను అరుణమ్మా. నా కొడుకునాగే తుడిసినాను" అంది.

ఇంత జరిగినా, ఆ మాటల్లో ఆమెను అంతగా కాల్చేది ఏమిటో నాకు అప్పటికి తెలియదు. ఆ పిల్ల గొంతు అందరి నోళ్లలో పడిందనే బాధ అనుకున్నాను. అసలు సంగతి ఆ తరువాతి వారం బయటపడింది. అచ్చమైన శ్రీకాకుళం యాసలో దయ్యం మాట్లాడుతోందని సరదాపడి, ఊళ్లో ఎవరో ఆ వీడియోను ఒకరికొకరు పంపుకున్నారు. తిరిగి తిరిగి అది తవిటయ్య ఫోన్‌కు చేరింది.

కూతురు పోయిన రోజు తవిటయ్య అందరికీ చెప్పింది ఒకటి. పొలానికి నీరు పెట్టడానికి పిల్లను తోడు తీసుకువెళ్లాననీ, తూము ఎత్తడానికి అవతలి చివరకు పోయి వచ్చేసరికి పిల్ల కనిపించలేదనీ. అంతకుముందు రోజంతా, రాత్రంతా మిల్లులో బస్తాలు మోసి వచ్చిన మనిషి. కేకలు విని కొండమ్మ పరుగెత్తి వెళ్లేసరికి అతను మొలలోతు నీళ్లలో వెతుకుతున్నాడు. అతని ఎడమ చెంప మీద గడ్డి పరకల అచ్చు లోతుగా పడి ఉంది. గట్టు మీద చాలాసేపు పడుకుంటే తప్ప అలాంటి అచ్చు పడదు. ఆమె చూసింది. ఎవరికీ చెప్పలేదు, అతన్నీ అడగలేదు. రెండేళ్లు అతని ఎదురుగా కూర్చుని అన్నం తింది. రోజూ ఆ చెంప చూస్తూ ఉండలేక సింగపూర్ వచ్చింది.

తవిటయ్య ఫోన్ చేసినప్పుడు ఆమె బ్లాకు కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో పెద్దావిడను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గాలికి తిప్పుతోంది. ఆ మాటలన్నీ తరువాత ఆమే నాకు చెప్పింది. అతను కోప్పడలేదు. ఆ గొంతు నీదేనని పోల్చుకున్నానన్నాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు.

"కీర్తి పలికినాదా కొండా? మీ అమ్మమ్మకి పలికినట్టు?"

ఆమె కుర్చీ తోస్తూనే ఉంది.

"ఇంకోపాలి పిలు. ఫోన్ల నాను మాటాడతాను. దాన్ని ఒక్కటి అడగాల."

సరేనని ఉంటే సరిపోయేది. అమ్మమ్మ అయితే పిలిచేది, పిల్ల చేత తండ్రిని క్షమించానని పలికించేది, అతను ఏడ్చి కుదుటపడేవాడు. అదంతా కొండమ్మకు తోచింది. కుర్చీ చక్రానికి బ్రేకు వేసి, గోడ వైపు తిరిగింది.

"కీర్తి కాదు. నానే."

"నువ్వేటి?"

"ఆ మాటలు నావే. నీ సెంప మీద గడ్డి అచ్చు ఆ దినమే సూసినాను."

ఇన్నేళ్లూ ఎరిగి ఉండి తనతో కాపురం చేశావా అన్నాడు. మొగుడితో అనలేని మాట ఊరూరా వినబడేలా పరాయివాళ్ల ముందు చెప్పావా అన్నాడు. తాను కావాలని చెప్పలేదని, చెరపమన్నానని ఆమె అంది. ఎవరిని చెరపమన్నావో, ఎందుకు చెప్పావో తనకు అక్కర్లేదని అతను ఫోన్ పెట్టేశాడు.

"ఆ బాబు నన్ను మోసం సేసినాడు. నాను నా పెనిమిటిని మోసం సేసినట్టయ్యింది" అంది నాతో, బాల్కనీలో కర్రకు దుప్పటి తగిలిస్తూ.

ఇక్కడ ఏడాది చివరి వానలు మొదలయ్యేదాకా తవిటయ్య ఫోన్ చేయలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. చివరికి తోడికోడలు ఫోన్ చేసి చెప్పింది. ఒకరోజు అతను అన్నదమ్ములందరినీ కూర్చోబెట్టి, ఆ రోజు తాను నిద్రపోయానని తన నోటితోనే చెప్పాడట. ఆ తరువాత నుంచి ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. జీడిమామిడి పూత గురించి, అప్పుల్లో ఉన్న అన్న గురించి, వానల గురించి మాట్లాడతాడు. కూతురి మాట ఇద్దరూ ఎత్తరు. రమ్మని అతను అనడు, వస్తానని ఆమె అనదు. పర్మిట్‌ను మరో రెండేళ్లకు కల్పన పొడిగించింది.

పృథ్వీ మాట నిలబెట్టుకున్నాడనే చెప్పాలి. ఆటలో ఆ చోటును మార్చి వేరే అమ్మాయి చేత చదివించారు. పాతదే బాగుందని ఆడేవాళ్లు గొడవపెట్టారట. పాత వీడియోలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటిని తీయించడం ఎవరి వల్లా కాదు.

మొన్న ఒక శనివారం అతను చెప్పకుండా పక్కింటికి వచ్చాడు. పళ్లు, ఒక చీర తెచ్చాడు. కల్పన గుమ్మంలో తటపటాయిస్తూ నిలబడింది. జరిగినదేదీ పెద్దావిడకు ఎవరూ చెప్పలేదు. పృథ్వీ గొంతు గుర్తుపట్టి, భోజనం వేళకు వచ్చిన పిల్లాణ్ని అలా నిలబెడతారేమిటి, కూర్చోబెట్టమని ఆవిడ లోపలి నుంచి కేకేసింది. పెరుగు తోడుకు వెళ్లిన నేనూ అక్కడే ఉన్నాను. పృథ్వీ బల్ల దగ్గర కూర్చుని, జేబులోంచి ఫోన్ తీసి కంచం పక్కన పెట్టుకున్నాడు.

కొండమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఫోన్‌ను రెండు వేళ్లతో తీసుకుని, తలుపు తెరిచి, బయట చెప్పుల బీరువాలో పెట్టి, దాని తలుపు మూసింది. తిరిగి వచ్చి చేతులు కడుక్కుని అతనికి అన్నం పెట్టింది, పప్పు వేసింది.

"అక్కా, ఒక్క మాటన్నా మాట్లాడు" అన్నాడు పృథ్వీ.

ఆమె నెయ్యి గిన్నె అతనికి అందేలా జరిపి, పెద్దావిడ కంచం తీసుకుని లోపలికి వెళ్లింది. అతను తల వంచుకుని పెట్టినంతా తిన్నాడు. కంచం కడగబోతే కల్పన వద్దంది. చీర కుర్చీ మీద అలాగే ఉంది. అతను వెళుతుంటే దాన్ని కూడా తీసుకువెళ్లమని కల్పనే చెప్పింది.